ఓరుగల్లు చెరువులు, నాలాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున కట్ట మీద నడిచేవాళ్లు, కాలనీ సంఘాల పెద్దలు, ప్లాటు కొనబోతున్నవాళ్లు, కాలేజీ పిల్లలు... అందరూ అడిగేవి తిరిగి తిరిగి ఇవే. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒక్కచోట రాసిపెట్టాను. నేను ఇంజినీరును కాను. హనుమకొండలో ఉంటాను. భద్రకాళి, వడ్డేపల్లి కట్టల మీద ఏళ్ల తరబడి తిరిగి, చేపలు పట్టేవాళ్లను, తూములు, నీటి పంపకం చూసుకున్న పాత నీరటి కుటుంబాల వాళ్లను అడిగి తెలుసుకున్నది, తర్వాత సరిచూసుకున్నది ఇందులో ఉంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది.

## చెరువు గురించి మొదట అడిగేవి

చెరువంటే పెద్ద గుంత, అందులో నీళ్లు. అంతే కదా?

గుంతకు నీళ్లొచ్చే దారి, పోయే దారి ఉండవు. చెరువుకు రెండూ ఉంటాయి. ఎగువ నుంచి వాగో, వరద కాలువో నీళ్లు తెస్తుంది. కట్ట వాటిని ఆపుతుంది. తూము ఆయకట్టుకు వదులుతుంది. నిండినంక మిగిలిన నీళ్లు మత్తడి దూకి కింది చెరువుకు పోతాయి. ఇట్లా ఒకదాని కింద ఒకటి ఉంటాయి కాబట్టే గొలుసుకట్టు చెరువులు అన్నారు. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి తగ్గితే బయటపడే శిఖం కూడా చెరువే, ఖాళీ జాగా కాదు. మన నగరంలో చాలా చెరువులకు నడుమ నీళ్లు ఆగే చోటు మాత్రం మిగిలింది. వచ్చే దారి మురుగు కాలువైంది, పోయే దారి కాలనీ అయింది.

ఇవన్నీ కాకతీయులు తవ్వించినవేనా?

అన్నీ కావు. భద్రకాళి చెరువు గణపతిదేవుడి కాలానిదని చెప్తారు. ఆయన 1199 నుంచి 1262 దాకా ఏలాడు. నర్సంపేట అవతలి పాకాల చెరువూ ఆ కాలానిదే. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు ఆయన సేనానే, అక్కడి చెరువూ ఆ రుద్రుడు కట్టించిందే. తర్వాతి కాలాల్లో ఊళ్లవాళ్లు కట్టుకున్న కుంటలూ ఎన్నో ఉన్నాయి.

ఈ సందర్భంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే విషయం ఒకటుంది. పాకాల, భద్రకాళి దాదాపు ఒకే వయసువి, ఒకే పనితనం. ఇవాళ పాకాలలో చేత్తో నీళ్లు తీసుకుంటే అరచేతి గీతలు కనిపిస్తాయి. భద్రకాళిలో కనిపించవు. పాకాలకు ఎగువన అడవి ఉంది, భద్రకాళికి ఎగువన మనం ఉన్నాం. తేడా అంతా అక్కడే వచ్చింది.

నగరంలో ఎవరికీ పొలం లేదు. ఇంకా చెరువెందుకు?

మీ బోరు కోసం. మనది గ్రానైటు నేల. పైన కొన్ని మీటర్ల మొరం, కింద రాయి, ఆ రాతిలో అక్కడక్కడా పగుళ్లు. ఆ పగుళ్లలో చేరిన నీళ్లే బోరుకు దిక్కు. వాన నీళ్లు నెలల తరబడి ఒక్కచోట నిలిస్తేనే అక్కడిదాకా దిగుతాయి. సిమెంటు రోడ్డు మీద పడ్డ వాన గంటలో నాలాలోకి పోతుంది, భూమిలోకి దిగదు.

రెండోది వరద. ఒక ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన కురిస్తే దాదాపు 4 లక్షల లీటర్ల నీళ్లు. అవి ఎక్కడో ఒకచోట ఆగాలి. చెరువు ఆపకపోతే మీ సెల్లారు ఆపుతుంది. ఇక నీటికోళ్లు, కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, చేపల మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు. ఈ ఊళ్లో చెరువు మీద హక్కు మనకంటే ముందు వాళ్లది.

సముద్రం ఎక్కడో ఉంది. మన మురికి అంతదూరం పోతుందా?

పోతుంది. మన నగరం గోదావరి, కృష్ణ పరీవాహకాల నడుమ గట్టు మీద ఉంది. ఉత్తరం వైపు వాగులు మానేరు మీదుగా గోదావరిలో కలుస్తాయి. దక్షిణాన కురిసింది ఆకేరు, మున్నేరు దాటి కృష్ణలోకి పోతుంది. గోదావరి కాళేశ్వరం, భద్రాచలం, ధవళేశ్వరం దాటి చివరికి కోరింగ మడ అడవుల దగ్గర సముద్రాన్ని చేరుతుంది. ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలిసే ఆ చోటే రొయ్యలకు, చేపలకు పురిటిల్లు. దారిలో ఎండలకు, నీళ్ల ఒరవడికి మన మురికి కొంత విరిగిపోతుంది. ప్లాస్టిక్ మాత్రం విరగదు, చిన్న చిన్న తునకలై చివరిదాకా పోతుంది.

మన దగ్గర వాగు వచ్చి చెరువులో కలిసే మూల కూడా అట్లాంటిదే. లోతు తక్కువ, ఒండ్రు ఎక్కువ, చేపలు గుడ్లు పెట్టేది అక్కడే. ఇవాళ నాలా మురికి మొదట వచ్చి పడేదీ ఆ మూలకే. అందుకే నా లెక్కలో చెరువు చావు కట్ట దగ్గర కాదు, నీళ్లొచ్చే మూల దగ్గర మొదలవుతుంది.

## నీళ్లు పాడవుతున్నప్పుడు అడిగేవి

గుర్రపుడెక్క ఎంత తీసినా మళ్లీ ఎందుకొస్తుంది?

తీసింది మొక్కను, దాని తిండిని కాదు. ఇది దక్షిణ అమెరికా మొక్క. ఊదారంగు పూలు అందంగా ఉన్నాయని ప్రపంచమంతా తెచ్చుకుని పెంచారు. మురుగు నీళ్లలో ఉండే నత్రజని, భాస్వరం దానికి ఎరువు. ఎండ, మురుగు రెండూ దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఇవాళ పావు చెరువు ఉందని ఊరుకుంటే నెల తిరిగేసరికి చెరువంతా అదే. పైగా దాని గింజలు బురదలో ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటాయి. చెరువు ఎండబెట్టి మళ్లీ నింపినా పుట్టుకొస్తుంది.

దట్టంగా పరుచుకుంటే కిందికి వెలుతురు పోదు, గాలి తగలదు. చచ్చిన ఆకు అడుగున కుళ్లి ఉన్న ఆక్సిజన్‌నూ తినేస్తుంది. ఆకుల నుంచి ఆవిరయ్యే నీళ్లు కూడా ఖాళీ నీటి కంటే ఎక్కువే. తీయడం తప్పదు, కానీ తీసింది కట్ట పక్కనే కుప్ప పోస్తే మొదటి వానకు ఆ సారమంతా మళ్లీ చెరువులోకే పోతుంది. దూరంగా తీసుకెళ్లి కంపోస్టు చేయాలి. కలుపు మందు కొట్టమని కొందరు అంటారు. తాగునీటి చెరువుల పక్కన ఉంటూ ఆ మాట అనకూడదు.

నీళ్లు పచ్చ పెయింటు కలిపినట్టు ఉన్నాయి. అది పాచేనా?

మామూలు పాచి పోగులు పోగులుగా చేతికి తగులుతుంది. పెయింటులా, పైన తెట్టు కట్టి, ఒడ్డున నీలిపచ్చ చారలు వదిలేది వేరు. దాన్ని నీలి ఆకుపచ్చ నాచు అంటారు. కొన్ని రకాలు విషాన్ని వదులుతాయి. మరగబెట్టినా ఆ విషం పోదు. బర్రెలను, కుక్కలను ఆ నీళ్లు తాగనివ్వకండి, పిల్లల్ని దిగనివ్వకండి.

తెల్లారేసరికి చేపలు చచ్చి తేలాయి. ఎవరన్నా విషం కలిపారా?

విషం కలిపినవీ ఉంటాయి గానీ, చాలాసార్లు కారణం ఊపిరాడకపోవడం. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తీసుకుంటుంది. అందుకే నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామున. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఎండాకాలమంతా నాలాలో పేరుకున్న మురికిని తొలకరి వాన ఒక్కసారిగా చెరువులోకి తోస్తే ఆ రాత్రే ఆక్సిజన్ అడుగంటుతుంది.

ఏవి చచ్చాయో చూస్తే సంగతి కొంత తెలుస్తుంది. బొచ్చె, రవ్వ, బంగారుతీగ చచ్చి, కొర్రమీను, మార్పు బతికి ఉంటే అది ఊపిరాడకే. ఆ రెండూ పైకొచ్చి గాలి పీల్చుకోగలవు. అవి కూడా చచ్చి ఉంటే విషం సంగతి అనుమానించాలి. నీళ్లు సీసాలో పట్టి, ఫొటోలు తీసి, అదే పూట కాలుష్య నియంత్రణ మండలి వాళ్లకు, మత్స్యశాఖ వాళ్లకు చెప్పండి. మధ్యాహ్నానికి సాక్ష్యం మారిపోతుంది. ఆ ముందురోజు సాయంత్రమే చేపలు నోళ్లు తెరుచుకుని పైకొస్తుంటే అది ముందస్తు హెచ్చరిక.

చచ్చినవి వదిలేసి, బతికిన చేపలు తినొచ్చా?

తేలిన చేప ఎంత తాజాగా కనిపించినా వద్దు. నాలా కలిసే మూలలో పట్టినవీ వద్దు. మిగతా చోట పట్టినవి పేగులు, మొప్పలు తీసేసి, బాగా కడిగి, బాగా ఉడికించి తినండి.

మాకు సెప్టిక్ ట్యాంకు ఉంది. మా మురికి చెరువుకు పోదు కదా?

ఈ ఒక్క నమ్మకమే చెరువులకు అన్నిటికంటే ఎక్కువ చేటు చేసింది. మన నగరంలో చాలా భాగానికి భూగర్భ డ్రైనేజీ లేదు. సెప్టిక్ ట్యాంకులో గట్టి పదార్థం అడుగున ఆగుతుంది, పైన తేరిన నీళ్లు బయటికి పోతాయి. అవి ఇంకుడు గుంతలోకి పోవాలి. మన దగ్గర చాలా ఇళ్లలో ఆ పైపు నేరుగా వీధి కాలువలో తేలుతుంది. వీధి కాలువ నాలాలోకి, నాలా చెరువులోకి. వంటగది నీళ్లు, బట్టలుతికిన నీళ్లయితే ట్యాంకు ముఖమే చూడవు.

మా వీధిలోనే ఒక సంగతి చెప్తాను. ఒక రాత్రి ట్యాంకరు వచ్చి ఒక ఇంటి సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసింది. పావుగంటలో అదే ట్యాంకరు రెండు వీధుల అవతల నాలా పక్కన పైపు వదిలి నిలబడింది. అడిగితే, దూరం పోతే డీజిల్ ఖర్చు ఎవరిస్తారన్నాడు డ్రైవరు. పైసలిచ్చిన ఇంటాయనకు తన ట్యాంకు శుభ్రమైందని మాత్రమే తెలుసు. ఈ వ్యర్థాన్ని శుద్ధి చేసే కేంద్రం అమ్మవారిపేటలో ఉంది. ట్యాంకరును పిలిచినప్పుడు అక్కడికే తీసుకెళ్తావా అని అడగండి. రెండు మూడేళ్లకోసారి ట్యాంకు తీయించండి. పదేళ్లయినా ట్యాంకు నిండలేదంటే అది మంచి ట్యాంకు కాదు, అడుగునో పక్కనో కారుతోందని అర్థం.

బతుకమ్మలు, వినాయకులు వేస్తేనే చెరువు పాడైందంటున్నారు. నిజమా?

బతుకమ్మను ఆ లెక్కలో కలపడం నాకు బాధ కలిగిస్తుంది. తంగేడు, గునుగు, బంతి నీళ్లలో కలిసేవే, మట్టయ్యేవే. గునుగు ఏరుకునేదే శిఖం అంచుల్లో, పడావు భూముల్లో. ఆ భూములు ప్లాట్లయ్యాక ఇప్పుడు కట్టలు కట్టలుగా బజారులో కొంటున్నాం. ప్లాస్టిక్ పూలు, థర్మాకోల్ దిమ్మ, కవరు మాత్రం వేయకండి. తాంబాళం, సిబ్బి వెనక్కి తెచ్చుకున్నట్టే అవీ తెచ్చుకోవాలి.

వినాయకుడి సంగతి వేరు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కరగదు, రంగుల్లో సీసం వంటి లోహాలుంటాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు వాటిని వద్దన్నాయి. అయినా చెప్పాల్సింది చెప్పాలి: పండుగ ఏడాదికి కొన్ని రోజులు, మన బాత్‌రూములు 365 రోజులు.

మా కాలనీలో డెంగీ చెరువు దోమల వల్లేనా?

డెంగీ దోమ మంచినీళ్ల దోమ. కూలర్లో, పూలకుండీ కింది పళ్లెంలో, టైరులో పుడుతుంది. మురుగు నాలాలో పుట్టేది క్యూలెక్స్, బోదకాలు మోసుకొచ్చేది అదే. నాలా బాగైతే క్యూలెక్స్ తగ్గుతుంది, డెంగీ తగ్గాలంటే ఇంటి మీదికెక్కి డ్రమ్ములు చూసుకోవాలి.

ల్యాబుకు పోకుండా నీళ్లు ఎంత పాడయ్యాయో తెలుసుకోవచ్చా?

కొంత తెలుస్తుంది. ఒక స్టీలు పళ్లానికి తెల్ల రంగు వేసి, మధ్యలో బెజ్జం కొట్టి, రాయి కట్టి, తాడుకు జానకో ముడి వేసుకోండి. నీడ పడని చోట మెల్లగా నీళ్లలోకి వదలండి. పళ్లెం కంటికి కనపడకుండా పోయిన చోట ఎన్ని ముళ్లు మునిగాయో లెక్కపెట్టండి. నెలకోసారి, అదే చోట, అదే వేళకు. మా పిల్లలతో నేను చేస్తుంటాను. ఒక ఫిబ్రవరిలో మత్తడి దగ్గర మూడు జానలు కనిపించిన పళ్లెం, అదే పొద్దున నాలా కలిసే మూలలో ఒక్క జాన కూడా కనిపించలేదు. చిన్నోడు పళ్లెం తెగి పడిపోయిందనుకున్నాడు. తాగడానికి పనికొస్తాయా లేదా అన్నది మాత్రం దీంతో తేలదు, దానికి ల్యాబు కావాల్సిందే.

## వరదలప్పుడు అడిగేవి

మా చిన్నప్పుడు లేని వరద ఇప్పుడెందుకొస్తోంది?

2020 ఆగస్టులో కాలనీలు మునిగాయి. 2023 జూలైలో మునిగాయి, అప్పుడే భద్రకాళి కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపానుకు మళ్లీ మునిగాయి. వానలు పెద్దవవుతున్న మాట నిజమే. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. అంత వానను ఏ నాలా కూడా మోయలేదు.

కానీ అందులో పావు వంతు వానకే మునిగే కాలనీలు మనకున్నాయి. వాటికి కారణం వేరు. ఎగువన ఉన్న కుంటలు పూడ్చారు, కాబట్టి ఆగాల్సిన నీళ్లు ఆగకుండా వచ్చేస్తాయి. నేలంతా సిమెంటు, కాబట్టి రోజంతా రావాల్సిన నీళ్లు రెండు గంటల్లో వస్తాయి. బొందివాగు, నయీంనగర్ నాలా వంటివి అంత నీటిని మోయాల్సింది పోయి అడుగడుగునా ఇరుకైపోయాయి. దానికి తోడు కవర్లు, పరుపులు, కూల్చిన ఇంటి పెళ్లలు. కాకతీయుల గొలుసు అట్లాగే ఉంది, నడుమ కొన్ని కొక్కేలు మనం తీసేశాం. నీళ్లు మాత్రం పాత దారినే వెతుక్కుంటూ వస్తాయి, వాటికి కొత్త లేఅవుటు తెలియదు.

నాలాకు రెండు పక్కలా గోడ కట్టి లోతు చేస్తే సరిపోదా?

వరదకు కొంత మేలు. నయీంనగర్ దగ్గర పాత వంతెన తీసి పెద్దది కట్టాక నీళ్లు తొందరగా పోతున్నాయని అక్కడివాళ్లే చెప్తారు. కానీ ఒకచోట తొందరగా పోయిన నీళ్లు కిందివాళ్ల మీద తొందరగా పడతాయి. అడుగున కూడా కాంక్రీటు వేస్తే నేలలోకి ఇంకవు, మురికిని పట్టి ఉంచే గడ్డి మొలవదు. గోడలు కట్టినా అడుగు మట్టిగానే ఉంచడం మేలని నా అభిప్రాయం.

వానాకాలానికి ముందే చెరువు ఖాళీ చేసి పెడితే?

కొంత ఖాళీ ఉంచడం తెలివైన పనే, పాత నీరటి వాళ్లు మబ్బు చూసి తూము ఎత్తేవాళ్లు. పూర్తిగా ఖాళీ చేస్తే వాన మొహం చాటేసిన ఏడాది బోర్లు ఎండుతాయి.

## ప్లాటు కొనేవాళ్లు అడిగేవి

ఎఫ్‌టీఎల్, బఫర్ అంటే ఏంటి? ఎన్ని మీటర్లు వదలాలి?

చెరువు పూర్తిగా నిండి మత్తడి దూకడానికి సిద్ధంగా ఉన్నప్పుడు నీటి అంచు ఎక్కడ ఉంటుందో అదే ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే ఎఫ్‌టీఎల్. దాని లోపల ఏ కట్టడానికీ అనుమతి లేదు. దాని బయట కొంత దూరం బఫర్. 2012 ఏప్రిల్ నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువులకు 30 మీటర్లు. అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు, శిఖం భూములకు 9 మీటర్లు. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. కొనేముందు నీటిపారుదల శాఖలో, తహసీల్దారు ఆఫీసులో, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా)లో ఆ చెరువు ఎఫ్‌టీఎల్ పటం అడిగి, మీ సర్వే నంబరు అందులో ఎక్కడ పడిందో చూసుకోండి.

మేం చూసినప్పుడు చుక్క నీళ్లు లేవు, పిచ్చిచెట్లున్నాయి. అదెట్లా చెరువవుతుంది?

ఏప్రిల్‌లో చూపిస్తారు కాబట్టి. ఎవరూ శిఖం ప్లాటును ఆగస్టులో చూపించరు. మీరే ఆగస్టులో ఒకసారి, పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లండి. పక్కన కిరాణా కొట్టాయనను, బర్రెలు కాసే పెద్దాయనను అడగండి. చుట్టూ నేల కంటే కింద ఉండటం, నల్లని ఒండ్రు, ఎండితే అరచేయంత నెర్రెలు, తుంగగడ్డి, పక్క ఇళ్ల గోడలకు మోకాలి ఎత్తున మట్టి చార: ఇవి ఏ పటం కంటే ముందే చెప్తాయి.

రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి నంబరు, కరెంటు మీటరు వచ్చాయి. ఇంకేం భయం?

రిజిస్ట్రేషన్ అంటే ఇద్దరి మధ్య అమ్మకం జరిగిందని సర్కారు దగ్గర నమోదు మాత్రమే. ఆ భూమి మీద ఇల్లు కట్టొచ్చన్న హామీ కాదు. ఇంటి నంబరు పన్ను కోసం, మీటరు కరెంటు కోసం. అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం కూడా ఎఫ్‌టీఎల్‌లోని ప్లాట్లకు వర్తించదు. చెరువుల భూములను కాపాడాల్సిందేనని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. ఇట్లా కొన్న చాలామంది మోసపోయిన చిన్న ఉద్యోగులు, ఆటో నడుపుకునేవాళ్లు. వాళ్లను దొంగల్లా చూడటం తప్పు. అమ్మినవాడు, లేఅవుటు గీసినవాడు ఎక్కడా కనిపించడు, కూలేది మాత్రం కష్టపడి కట్టుకున్న ఇల్లు. కొనకముందే తెలుసుకోమని ఇంతగా చెప్పేది అందుకే.

మాది పట్టా శిఖం. మా తాతల భూమి. దాంట్లో కట్టుకోవద్దా?

భూమి మీదే. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు ఉంది. మట్టి పోసి ఎత్తు పెంచడానికి, కట్టడానికి లేదు. ఇది పట్టాదారుకు నష్టమే. ప్రభుత్వం ఆ భూములకు పరిహారమో, వేరేచోట భూమో ఇవ్వాలన్న వాదన న్యాయమైనదని నేననుకుంటాను.

హైడ్రా వాళ్లు ఇక్కడికి వస్తారా?

చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024లో పెట్టిన హైడ్రా హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పరిధికి సంబంధించింది. మన దగ్గర ఈ పని నగరపాలక సంస్థ, రెవెన్యూ, నీటిపారుదల శాఖలది.

## చెరువు బాగుచేస్తున్నప్పుడు అడిగేవి

భద్రకాళి చెరువు ఖాళీ చేసి పూడిక తీశారు కదా. ఇక బాగుపడ్డట్టేనా?

2024 నవంబర్‌లో నీళ్లు వదలడం మొదలుపెట్టి, తర్వాత పూడిక పనులు చేపట్టారు. చేయాల్సిన పనే. అడుగు బురదలో ఏళ్లకేళ్లుగా భాస్వరం పేరుకుని ఉంటుంది, పైనుంచి మురుగు ఆగినా అది మెల్లగా నీళ్లలోకి వదులుతూనే ఉంటుంది.

నీళ్లు దిగిపోయాక నేను శిఖంలోకి దిగి నడిచాను. పైన ఎండిన పొర అప్పచ్చిలా పగిలి ఉంది. కాలు వేస్తే కింద నల్లటి జావ, కుళ్లిన గుడ్డు వాసన. వినాయకుల ఇనుప చువ్వలు, ప్లాస్టిక్ దారంతో చుట్టిన ముడుపులు, అక్షరాలు ఇంకా చదవగలిగే పాల ప్యాకెట్లు. కర్ర గుచ్చి చూసుకుంటూ వెళ్తే కట్ట వైపు మోకాలి దాకా దిగింది. నాలా వచ్చే వైపు నడుము దాకా దిగింది. పూడిక ఎక్కడినుంచి వచ్చిందో ఆ కర్రే చెప్పింది.

అందుకే ఆ నాలాలో మురుగును ముందే మళ్లించి, శుద్ధి చేశాకే నీళ్లు చెరువులోకి వదలకపోతే, తీసిన పూడిక మళ్లీ చేరుతుంది.

తీసిన మట్టి పొలానికి తోలుకోవచ్చా?

పల్లె చెరువు ఒండ్రయితే బంగారమే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46,531 చెరువులను గుర్తించి, వాటిలో చాలావాటికి పూడిక తీయించినప్పుడు రైతులు ట్రాక్టర్లతో తోలుకుపోయారు, ఎరువు ఖర్చు తగ్గిందని చెప్పారు. నగరం చెరువు మట్టి అదే కాదు. అందులో రంగుల లోహాలు, ప్లాస్టిక్, గాజు ముక్కలు ఉంటాయి. భార లోహాల పరీక్ష చేయించకుండా కూరగాయల మడికి, వరి మడికి వేయకండి.

ఎంత లోతు తవ్వితే అంత మంచిది కదా?

కాదు. అడుగున బంకమట్టి పొర ఉంటుంది. అది పగిలేదాకా తవ్వితే నీళ్లు నిలవవు. అంచులు నిటారుగా కోసినా తప్పే. కొంగ నిలబడాలన్నా, చేప గుడ్డు పెట్టాలన్నా మోకాలి లోతు నీళ్లు కావాలి.

కట్ట మీద పార్కు, లైట్లు పెట్టారు. చెరువు బాగైనట్టే కదా?

వారసత్వ నగరాల కోసం కేంద్రం పెట్టిన హృదయ్ పథకంలో భద్రకాళి బండ్ కట్టాక ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు నిశ్చింతగా చెరువు దగ్గరికి రాగలుగుతున్నారు. అది మంచి మార్పు, నేనూ రోజూ నడిచేది అక్కడే. కానీ కట్ట అందం వేరు, నీళ్ల ఆరోగ్యం వేరు. నడకదారి వెడల్పు కోసం చెరువు లోపలికి మట్టి పోస్తే చెరువు చిన్నదవుతుంది. చుట్టూ గుండ్రంగా కట్ట పోస్తే చిన్న చిన్న వాననీటి దారులన్నీ మూసుకుపోతాయి, మురుగు నాలా ఒక్కటే లోపలికి మిగులుతుంది.

ఫౌంటెన్లు పెడితే, బ్యాక్టీరియా మందు చల్లితే వాసన పోతుందట?

నాలుగు రోజులు తగ్గుతుంది. రోజూ వచ్చే మురుగు ఆగకపోతే రోజూ చల్లాల్సిందే.

నాలా కలిసేచోట జమ్ము, తుంగ పెరిగాయి. పీకించేయాలా?

దయచేసి వద్దు. చెరువు తన కోసం తాను కట్టుకున్న జల్లెడ అది. జమ్ము వేళ్ల మధ్య నీళ్ల వేగం తగ్గుతుంది, మట్టి అక్కడే దిగుతుంది, వేళ్ల చుట్టూ ఉండే సూక్ష్మజీవులు మురికిని తింటాయి. నీటికోళ్లు గూడు పెట్టేదీ అక్కడే. ఏడాదికోసారి, గూళ్ల కాలం దాటాక, కొంత కోసి బయటికి తీసుకెళ్తే చాలు. శుభ్రం పేరుతో జేసీబీ పెట్టి మొత్తం గీకేస్తే ఆ మూలలో మిగిలేది నల్లటి నీళ్లే.

## మనం చేయగలిగింది అడిగేవాళ్లకు

నాలాలో ట్యాంకరు వదులుతున్నారు, చెరువులో మట్టి పోస్తున్నారు. ఎవరికి చెప్పాలి?

ముందు ఫొటో, తేదీ, చోటు, బండి నంబరు. మురుగు, చెత్త అయితే నగరపాలక సంస్థకు. మట్టి పోస్తుంటే తహసీల్దారుకు, నీటిపారుదల శాఖ డీఈకి ఇద్దరికీ. ఫ్యాక్టరీ, ఆసుపత్రి వ్యర్థమైతే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. నోటిమాట కాదు, కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్తే అన్ని శాఖల వాళ్లూ ఒక్కచోట ఉంటారు. నెల గడిచినా కదలకపోతే 10 రూపాయలు కట్టి సమాచార హక్కు కింద, నా ఫిర్యాదు మీద ఏ తేదీన ఏం చేశారని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అప్పటికీ కాకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ ఉంది. ఒక్కరు వెళ్లకండి, పదిమంది సంతకాలతో వెళ్లండి. మట్టి పోసేవాళ్లతో రాత్రిపూట అక్కడికక్కడ గొడవ పడకండి.

నా ఒక్క ఇంటితో ఏం మారుతుంది?

మీ సెప్టిక్ ట్యాంకు బయటికి వదిలే పైపు ఎక్కడ తేలుతుందో వెళ్లి చూడండి. నా ఇంటిది వీధి కాలువలోకే ఉండేది, ఇల్లు కొన్న పదమూడేళ్లకు చూశాను. మేస్త్రీని పిలిచి ఇంకుడు గుంత తవ్వించడానికి రెండు రోజులు పట్టింది. గుంత తవ్వుతుంటే పక్కింటి వదిన వచ్చి, మాది కూడా ఎటు పోతుందో చూడమను అంది. గోడ పక్కన రెండడుగులు తవ్వాడు మేస్త్రీ. పైపు కాలువలోకే ఉంది. వాళ్లదీ ఆ వారమే మారింది.